సూది కంటే ముందు మాట

పిల్లలు పుట్టకుండా మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ గురించి మన వైపు రెండు మాటలు వినిపిస్తుంటాయి. "చిన్న సూదే, వేయించుకుంటే మూడు నెలలు నిశ్చింత" అనేది ఒకటి. "ఆ సూది జోలికి పోకు బిడ్డా, గర్భసంచి చెడిపోతది" అనేది రెండోది. మొదటిది ఎక్కువగా సూది వేసే చోట వినిపిస్తుంది, రెండోది ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర. ఈ రెండింటి మధ్యా నలిగేది ఏ ఇరవై రెండేళ్ల పిల్లో. చంకలో ఏడాది బిడ్డ ఉంటుంది. ఇంకో కాన్పు ఇప్పుడే వద్దు. ఆపరేషన్ కూడా ఇప్పుడే వద్దు. ఆమె ఏదో ఒకటి తేల్చుకోవడానికి పై రెండు మాటల్లో ఏదీ పనికిరాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఇంజెక్షన్ మంచి సాధనమే. కానీ దాని గురించి ముందుగా పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పకుండా వేస్తే అది సగం వైద్యమే. చెప్పడం కూడా వైద్యంలో భాగమే. ఆ భాగం ఎగిరిపోయిన చోటే ఈ ఇంజెక్షన్‌కు చెడ్డపేరు వస్తోందని నేను అనుకుంటున్నాను. ఎందుకో వివరంగా రాస్తాను.

ముందు అసలు ఇదేమిటో చూద్దాం. మందు పేరు డీఎంపీఏ. పూర్తిపేరు డిపో మెడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ అసిటేట్. వాడుకలో 'డిపో' అంటారు. మన దేశంలో 1993లో దీనికి అనుమతి వచ్చింది. చాలా ఏళ్లు ప్రైవేటు డాక్టర్ల దగ్గరే దొరికేది. 2017లో ప్రభుత్వం 'అంతర' అనే పేరుతో కుటుంబ నియంత్రణ పథకంలో చేర్చి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 150 మిల్లీగ్రాముల మందును చేతి కండలోకో పిరుదు కండలోకో వేస్తారు. మన ఒంట్లో తయారయ్యే ప్రొజెస్టెరాన్ హార్మోన్ లాంటిదే ఇది. కండలో నిలవ ఉండి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతూ మూడు నెలలు పనిచేస్తుంది. నెలనెలా అండం విడుదల కాకుండా ఆపుతుంది. గర్భసంచి ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కబరిచి వీర్యకణాలను లోపలికి పోనివ్వదు. గర్భసంచి లోపలి పొరను పలచగా ఉంచుతుంది. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరమవుతుంది.

నమ్మొచ్చా అనేది అందరూ అడిగే మొదటి ప్రశ్న. నమ్మొచ్చు. తేదీ తప్పకుండా వేయించుకునే 1000 మందిలో ఏడాది మొత్తానికి కడుపు నిలబడేది ఇద్దరికి. కానీ తేదీ తప్పినవాళ్లను, ఆలస్యంగా వెళ్లినవాళ్లను కూడా కలుపుకుని లెక్కేస్తే 100లో నలుగురికి నిలబడుతుంది. అదే లెక్కన చూస్తే రోజూ మింగే మాత్రలు వాడేవాళ్లలో 100కి 7 మందికి, నిరోధ్ వాడే జంటల్లో 13 మందికి గర్భం వస్తుంది. కాపర్ టీకి, ఆడవాళ్ల ఆపరేషన్‌కు 100కి ఒక్కరు కూడా ఉండరు. అంటే మాత్రల కంటే, నిరోధ్ కంటే ఇంజెక్షన్ మీద ఎక్కువ భరోసా పెట్టుకోవచ్చు. కాపర్ టీ అంత మాత్రం కాదు.

వెయ్యికి ఇద్దరు ఎక్కడ, వెయ్యికి నలభై మంది ఎక్కడ? ఇరవై రెట్లు. మందు అదే, సూదీ అదే. తేడా అంతా తేదీలో ఉంది. ఆ తేదీ ఎందుకు తప్పుతుందో మనకు తెలియనిది కాదు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలితే నేరేడుచర్ల చుట్టుపక్కల ఊళ్లన్నీ నాట్లలో మునిగిపోతాయి. ఆ పదిహేను రోజుల్లో ఒక్కరోజు ఆస్పత్రికి పోతే ఆ రోజు కూలి పోయినట్టే. బతుకమ్మకు తల్లిగారింటికి వెళ్లి పది రోజులు ఉండిపోతుంది. లేదా తీరా వెళ్తే "మందు అయిపోయింది, వచ్చే వారం రామ్మా" అంటారు. వచ్చే వారం ఇంట్లో ఎవరికో జ్వరం. ఇవన్నీ సాకులని కొట్టిపారేయడానికి లేదు. మన బతుకులు ఇలాగే నడుస్తాయి.

అందుకే ఒక సంగతి ప్రతి ఒక్కరికీ తెలిసుండాలి. ఇచ్చిన తేదీకి రెండు వారాల ముందు కూడా వేయించుకోవచ్చు. నాట్లు వస్తున్నాయని, ఊరెళ్తున్నామని తెలిస్తే ముందే వెళ్లిపోవచ్చు. తేదీ దాటినా నాలుగు వారాల వరకు వేయించుకోవచ్చు. నాలుగు వారాలు కూడా దాటిపోతే ముందు కడుపు లేదని తేల్చుకుని అప్పుడు వేయించుకోవాలి, ఆపై ఏడు రోజులు నిరోధ్ వాడాలి. ఈ వెసులుబాటు తెలియకనే కొందరు "తేదీ పోయింది కదా, ఇంక వేయరేమో" అని మానేస్తారు. ఇంకొందరు "ఒంట్లో మందు ఇంకా ఉంటుందిలే" అని ఆరు నెలలు ఊరుకుంటారు. రెండూ కడుపుతోనే తేలుతాయి. అప్పుడు "సూది ఫెయిలైంది" అని పేరు పడుతుంది.

మొదటిసారి వేయించుకునేటప్పుడు కూడా లెక్క ఉంది. నెలసరి మొదలైన ఏడు రోజుల లోపు వేయించుకుంటే అప్పటినుంచే పనిచేస్తుంది. ఆ తర్వాతైతే కడుపు లేదని చూసుకుని వేయించుకోవాలి, ఏడు రోజులు నిరోధ్ తోడు కావాలి. పాలిచ్చే తల్లి కాన్పయిన ఆరు వారాల తర్వాత వేయించుకోవచ్చు. పాలు తగ్గవు. వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. మందు త్వరగా కరిగిపోయి మూడు నెలలు నిలవకపోవచ్చు. నొప్పిగా ఉందని వేడినీళ్ల గుడ్డ పెట్టడం మనకు అలవాటు కదా, అందుకే చెబుతున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ఇంజెక్షన్‌ను మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువగా మానేసేది బ్లీడింగ్ వల్ల. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో నెలసరి లెక్క తప్పుతుంది. చుక్కలు చుక్కలుగా కనబడుతూనే ఉండొచ్చు. ఒక్కోసారి పది పదిహేను రోజులు సాగొచ్చు. తర్వాత చాలామందికి క్రమంగా తగ్గుతుంది. ఏడాది వాడేసరికి దాదాపు సగం మందికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది.

వైద్యం పుస్తకాల్లో దీన్ని మామూలు దుష్ఫలితంగా రాస్తారు. ప్రాణం మీదికి రాదు కాబట్టి వాళ్ల లెక్కలో అది మామూలే. కానీ అది మన ఇంట్లోకి వచ్చేసరికి ఎంతవుతుందో చూడండి. బయట ఉన్నప్పుడు దేవుడి గదిలోకి పోకూడదు, దీపం పెట్టకూడదు అనే ఇళ్లు మన దగ్గర ఇంకా ఎన్ని లేవు? మూడు రోజుల కోసం ఏర్పాటైన ఆచారం అది. చుక్కలు ఇరవై రోజులు కనబడితే ఆ ఇంటి కోడలు ఇరవై రోజులూ ఏం చేయాలి? శ్రావణ శుక్రవారం వస్తుంది. ఇంట్లో వ్రతం ఉంటుంది. "మొన్ననే కదా తలస్నానం చేసినవ్, మళ్లీ ఏందే?" అని అత్త అడుగుతుంది. ఏం చెబుతుంది? అత్తకు తెలియకుండా వేయించుకున్న పిల్లయితే గుట్టు అక్కడే బయటపడుతుంది. మోకాలి లోతు బురదలో నాట్లేసే ఆమెకు రోజంతా గుడ్డ మార్చుకోవడానికి చోటుండదు. ప్యాడ్లకయ్యే ఖర్చు వేరే. భార్యాభర్తల మధ్య దూరం, దాంతో అనుమానం, దాంతో గొడవ. అసలే రక్తం తక్కువున్న ఒళ్లయితే నీరసం సరేసరి.

ఇదంతా ముందే తెలిస్తే ఆమె తనకు కుదిరే సమయం చూసుకుంటుంది. భర్తతో ఒక మాట అనుకుంటుంది. లేదా "నా ఇంట్లో ఇది కుదరదు" అని కాపర్ టీ గురించి అడుగుతుంది. తెలియకపోతే ఏమవుతుంది? పదో రోజుకే "ఏదో అయింది నాకు" అని బెంబేలెత్తిపోతుంది. తెలిసినవాళ్లంతా తలో మాట అంటారు. రెండో డోసుకు వెళ్లదు. కొన్నాళ్లకు నెల తప్పుతుంది.

నెలసరి ఆగిపోయిన వాళ్ల భయం ఇంకోలా ఉంటుంది. "చెడు రక్తం బయటికి పోకపోతే లోపల గడ్డ కట్టదా?" అని. ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇక్కడ పనికొస్తుంది. నెలసరిలో పోయేది చెడు రక్తం కాదు. బిడ్డ కోసం గర్భసంచి లోపల తయారైన మెత్తటి పొర, బిడ్డ రానప్పుడు ఊడి బయటికి వస్తుంది. ఈ మందు వల్ల ఆ పొర మందంగా తయారే కాదు. తయారు కానిది ఎక్కడినుంచి వస్తుంది? లోపల నిలవ ఉండేదేమీ లేదు. పాలిచ్చే రోజుల్లో కొన్ని నెలలు మనకు నెలసరి రాదు, అప్పుడు భయపడతామా? ఇదీ దాదాపు అలాంటిదే. అయితే పొత్తికడుపులో నొప్పి, వికారం లాంటివి ఉండి నెలసరి ఆగితే మాత్రం ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

ఇంకా కొన్ని ఉన్నాయి. కొందరు బరువు పెరుగుతారు. సగటున ఏడాదికి ఒకటి రెండు కిలోలు, కొందరికి అంతకంటే ఎక్కువ. తలనొప్పి, చిరాకు, మనసు బాగుండకపోవడం, కోరిక తగ్గడం కొందరికి ఉంటాయి. చివరి రెండింటి గురించి మనం నోరు విప్పం. అడిగేవాళ్లూ ఉండరు. మాత్రలైతే ఇవాళ మానేస్తే రెండు మూడు రోజుల్లో ఒంట్లోంచి పోతాయి. సూది మందును వెనక్కి తీయలేం. పడకపోయినా మూడు నెలలు భరించాల్సిందే. ఈ ఒక్క తేడా చాలు, ముందే చెప్పి వేయాలనడానికి.

మళ్లీ పిల్లలు కావాలనుకున్నప్పుడు ఏమిటి? పుడతారు. గర్భసంచి చెడిపోదు. కానీ ఆలస్యమవుతుంది. చివరి ఇంజెక్షన్ వేయించుకున్న రోజు నుంచి లెక్కేస్తే మామూలుగా ఏడు నుంచి పది నెలలు పడుతుంది. మందు మానిన మరుసటి నెలే నిలబడుతుందని ఎదురుచూసే ఇంట్లో, నాలుగు నెలలు గడిచేసరికి కోడలు దోషి అయిపోతుంది. "ఆ సూది వల్లే గొడ్రాలైంది" అనే మాట అలా పుడుతుంది. బిడ్డకూ బిడ్డకూ మధ్య మూడేళ్ల ఎడం కావాలనుకున్నవాళ్లు ఈ ఏడెనిమిది నెలలను కూడా కలుపుకుని ఎప్పుడు ఆపాలో లెక్కేసుకోవాలి. ఇది పెళ్లయిన కొత్తలో పిల్లలు వద్దనుకునేవాళ్లకు మరీ ముఖ్యం. మొదటి కాన్పు కాకముందు ఆలస్యం జరిగితే ఆ పిల్ల మీద పడే మాటలు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు.

ఎముకల సంగతి. ఎక్కువకాలం వాడితే ఎముకల సాంద్రత కొంత తగ్గుతుంది. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందు పెట్టె మీద నల్ల గీతల చట్రంలో హెచ్చరిక వేయించింది. వేరే పద్ధతులు కుదరకపోతే తప్ప రెండేళ్లకు మించి వాడొద్దన్నది అందులోని సారాంశం. 18 నుంచి 45 ఏళ్ల మధ్య వాళ్లకు అలాంటి గడువు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మందు ఆపాక తగ్గిన సాంద్రత చాలావరకు తిరిగి వస్తుంది. ఇద్దరి మాటా విన్నాక నేను చెప్పేదేమిటంటే, పదిహేడేళ్లకు పెళ్లి చేసి పంపిన పిల్లకూ, నలభై ఐదు దాటినామెకూ ఇది వేయాలంటే డాక్టర్ ఇంకాస్త ఆలోచించాలి. మిగతావాళ్లు రాగులు, నువ్వులు, పాలు తమ కంచంలో కూడా ఉండేలా చూసుకోవాలి.

ఈమధ్య వచ్చిన ఇంకో సంగతి కూడా దాచను. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫ్రాన్స్ పరిశోధకుల అధ్యయనం ఒకటి అచ్చయింది. ఈ ఇంజెక్షన్‌ను ఏడాదికి మించి వాడినవాళ్లలో మెనింజియోమా అనే మెదడు పొరల గడ్డ వచ్చే అవకాశం ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. ఆపరేషన్ అవసరమైన కేసులను లెక్కేస్తే వాడనివాళ్ల కంటే సుమారు ఐదున్నర రెట్లు. వినడానికి భయంగానే ఉంటుంది. అయితే ఆ గడ్డ అసలే చాలా అరుదు, ఎక్కువసార్లు క్యాన్సర్ కాదు కూడా. అరుదైనదానికి ఐదు రెట్లన్నా అరుదే. అయినా ఏళ్ల తరబడి వాడుతున్నామెకు ఆగని తలనొప్పి, చూపు మందగించడం లాంటివి వస్తే 'ఎండకు వచ్చిందిలే' అనుకోకుండా డాక్టర్‌కు ఇంజెక్షన్ సంగతి కూడా చెప్పాలి.

కొందరికి ఈ మందు వేయకూడదు. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు, వచ్చి తగ్గినవాళ్లు, కారణం తెలియని బ్లీడింగ్ ఉన్నవాళ్లు, బీపీ 160/100 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లు, పక్షవాతం, గుండెజబ్బు వచ్చినవాళ్లు, కాలేయ జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లు. కాబట్టి బీపీ చూడకుండా, జబ్బుల గురించి అడగకుండా చేయి చాపమంటే మనమే ఆగి అడగాలి. ఇంకో మాట. ఇది కడుపు రాకుండా ఆపుతుందే కానీ హెచ్ఐవీని, సుఖవ్యాధులను ఆపదు. మొగుడు లారీ మీద నెలల తరబడి బయట తిరిగే ఇళ్లు మన హైవే పొడుగునా ఉన్నాయి, అందుకని చెబుతున్నాను.

ఇంత చదివాక 'ఇవన్నీ చెబితే ఎవరు వేయించుకుంటారు?' అని మీకనిపించొచ్చు. ఆరోగ్య శాఖలో పనిచేసేవాళ్లు కూడా అనే మాట ఇదే. చెబితే భయపడి రారు, చెప్పకపోతే వస్తారు అని. ఈ మాట ఎంత పాతదో, దానివల్ల ఏం జరిగిందో తెలుసుకోవాలంటే నలభై ఏళ్లు వెనక్కి, హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరుకు వెళ్లాలి.

అప్పుడు వచ్చింది డిపో కాదు, దానికి చెల్లెలి లాంటిది. పేరు నెట్-ఎన్. రెండు నెలలకోసారి వేసేది. భారత వైద్య పరిశోధన మండలి దీన్ని మన దేశంలో ప్రయోగాత్మకంగా వేయిస్తోంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేద ఆడవాళ్లకు ఈ ఇంజెక్షన్ వేయడానికి ఏర్పాట్లు జరిగాయి. హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లి వచ్చినవాళ్లతో మాట్లాడారు. పిల్లలు కాకుండా సూది వేస్తారన్నదే వాళ్లకు తెలుసు. అది ప్రయోగమని గానీ, ఒంట్లో ఏమేం మార్పులు వస్తాయో గానీ వాళ్లకు చెప్పలేదని సంఘటన సభ్యులు బయటపెట్టారు.

స్త్రీ శక్తి సంఘటన అంటే మన వైపు చదువుకున్నవాళ్లకు వేరే పరిచయం అక్కర్లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మన నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల ఆడవాళ్లతో సహా ఎందరి అనుభవాలో వాళ్ల నోటి మాటల్లోనే నమోదుచేసి 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకంగా తెచ్చింది వాళ్లే. ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగితే చెబుతారు, చెబితే అర్థం చేసుకుంటారు అనే నమ్మకం ఆ పుస్తకంలోనూ ఉంది, పటాన్‌చెరుకు వెళ్లడంలోనూ ఉంది.

1986లో వాళ్లు ఢిల్లీలోని సహేలీ, మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు 2000 దాకా నడిచింది. చివరికి నెట్-ఎన్‌ను కుటుంబ నియంత్రణ పథకంలో పెద్దఎత్తున వాడటం మంచిది కాదని, వివరించి చెప్పడానికి, తర్వాత చూసుకోవడానికి వసతి ఉన్న చోటే వాడాలని ప్రభుత్వమే ఒప్పుకుంది. డిపో విషయంలోనూ ఇలాంటి వాదనే నడిచింది. ప్రభుత్వ పథకంలో పెట్టొద్దని 1995లో ఔషధ సాంకేతిక సలహా మండలి అంది. 2015లో అదే మండలి పెట్టొచ్చంది. రెండేళ్లకు 'అంతర' వచ్చింది.

ఇది మన దగ్గరే జరిగిన వింత కూడా కాదు. ఇథియోపియా నుంచి ఇజ్రాయెల్‌కు వలస వచ్చిన ఆడవాళ్లకు ఇదే డిపో ఇంజెక్షన్లు వాళ్లకు సరిగా అర్థమయ్యేలా చెప్పకుండా వేస్తున్నారని పెద్ద దుమారం రేగింది. 2013లో అక్కడి ఆరోగ్య శాఖ, పర్యవసానాలు అర్థం కాలేదనే అనుమానం ఉంటే ఆ మందు కొనసాగించవద్దని డాక్టర్లను ఆదేశించాల్సి వచ్చింది. పేదవాళ్లయినా, భాష రానివాళ్లయినా, నోరు లేనివాళ్లయినా వాళ్ల మీద పడే సూదికి మాట తోడుండదు. దేశాలు వేరైనా ఇది మాత్రం ఒకటే.

పటాన్‌చెరు కథ చెప్పి 'కాబట్టి ఈ ఇంజెక్షనే వద్దు' అనేవాళ్లు ఉన్నారు. వాళ్లంటే నాకు గౌరవమే కానీ ఆ మాటతో నేను ఏకీభవించను. కారణం మన ఇళ్లలోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో 100కి దాదాపు 62 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. దేశం మొత్తం మీద ఈ లెక్క 38. ఇంజెక్షన్ వాడేవాళ్లు దేశంలో 100కి ఒకరు కూడా లేరు. అంటే మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆడదాని ఆపరేషనే. ఇద్దరు పిల్లలు కాగానే, చాలాసార్లు ఇరవై ఐదు కూడా నిండకుండానే అది జరిగిపోతుంది. ఆ తర్వాత మనసు మారినా, బిడ్డకు ఏదైనా అయినా వెనక్కి రావడం చాలా కష్టం.

ఆ ఆపరేషన్ కూడా ఎలాంటి చోట జరుగుతోంది? 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాస్పత్రిలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేశారు. తర్వాత కొద్ది రోజుల్లో నలుగురు తల్లులు చనిపోయారు. ఇలాంటి క్యాంపులు మూడేళ్లలో మానుకోవాలని సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో 2016లోనే చెప్పింది. అయినా జరిగింది. అలాంటప్పుడు 'నాకు ఇంకో మూడేళ్లు టైం కావాలి, అప్పుడు ఆలోచిస్తాను' అనే ఆడదానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. రోజూ మాత్ర మింగడం గుర్తుండనామెకు, కాపర్ టీ పడనామెకు, నిరోధ్ అంటే ఇంతెత్తున లేచే మొగుడున్నామెకు ఈ ఇంజెక్షన్ ఆ టైం ఇస్తుంది. దాన్ని కూడా తీసేస్తే మిగిలేది మళ్లీ ఆపరేషన్ బల్లే.

ఇక 'చెబితే రారు' అనే మాటకు జవాబు. చైనాలో దీని మీద ఒక అధ్యయనం జరిగింది, ఫలితాలు 1996లో వచ్చాయి. కొందరికి ఇంజెక్షన్ గురించి, ముఖ్యంగా బ్లీడింగ్ మార్పుల గురించి ముందే వివరంగా చెప్పి, ప్రతి డోసుకూ మళ్లీ మాట్లాడారు. మిగతావాళ్లకు మామూలుగా చెప్పి వేశారు. ఏడాదిలోపు మానేసినవాళ్లు మొదటి గుంపులో 100కి 11 మంది, రెండో గుంపులో 42 మంది. మందు ఒకటే, బ్లీడింగ్ ఒకటే. మెక్సికోలో చేసిన అధ్యయనంలోనూ ముందే చెప్పించుకున్నవాళ్లే ఎక్కువగా కొనసాగారు. చెబితే పారిపోతారనేది మన మీద మోపిన నింద. చెప్పకపోతేనే పారిపోతున్నాం.

అసలు ఆడవాళ్లకు చెబితే అర్థం కాదని ఎవరన్నారు? వరికి ఏ మందు ఎప్పుడు కొట్టాలో, ఎన్ని రోజులు ఆగి కోయాలో మన ఊళ్లలో ఏ బడికీ పోని ఆమె కూడా లెక్కగా చెబుతుంది. సంఘం డబ్బుల వడ్డీ పైసలతో సహా నోటికి లెక్కేస్తుంది. ఆమె ఒంట్లోకి పోయే మందు లెక్క మాత్రం ఆమెకు అర్థం కాదా?

కాబట్టి వేయించుకోవాలనుకునే చెల్లెళ్లు చేయి చాపేముందు ఇవి అడగండి. నా బీపీ చూశారా? నాకు బ్లీడింగ్ ఎలా మారుతుంది, ఎన్నాళ్లు? ఎప్పుడు భయపడి రావాలి? మళ్లీ పిల్లలు కావాలంటే ఎన్ని నెలలు పడుతుంది? ఐదోది, తేదీకి మీరు లేకపోతే, మందు లేకపోతే నేను ఎక్కడికి పోవాలి? ఈ చివరిది తప్పకుండా అడగండి. మిర్యాలగూడకో, హుజూర్‌నగర్‌కో, కోదాడకో పోవాల్సి వస్తుందేమో ముందే తెలిస్తే ఆ తేదీ తప్పదు. ఇచ్చిన కార్డును బియ్యం డబ్బాలో పడేయకుండా తేదీని గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. పక్కన ఎందుకో రాయక్కర్లేదు, మీకు తెలిసిన గుర్తు ఒకటి పెట్టుకుంటే చాలు. బ్లీడింగ్ మరీ ఎక్కువై, మామూలుకు రెట్టింపు పోతున్నా, ఎనిమిది రోజులు దాటి ఆగకపోయినా వెళ్లి చూపించుకోండి. తగ్గించడానికి మందులు ఉన్నాయి.

అత్తలకూ ఒక మాట. మీ కోడలు ఇది వాడుతోందని తెలిస్తే, చుక్కలు కనబడినన్ని రోజులూ ఆమెను గడప అవతల నిలబెట్టకండి. అది నెలసరి కాదు, మందు చేసే పని. రేపు కడుపు ఆలస్యమైతే పది నెలలు నోరు మెదపకండి.

మగవాళ్ల గురించి రాయకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. మగవాళ్ల ఆపరేషన్‌కు కోత ఉండదు, కుట్లుండవు, అదే రోజు ఇంటికి రావచ్చు. ఆడవాళ్ల ఆపరేషన్ కంటే తేలికైనది, నమ్మకమైనది. అయినా దేశంలో 100 జంటల్లో ఒక్కరు కూడా దాని మీద ఆధారపడటం లేదు. మాత్ర మన నోట్లోకి, కాపర్ టీ మన గర్భసంచిలోకి, సూది మన చేతికి, కత్తి మన కడుపు మీదికి. కనీసం సూది తేదీ గుర్తుపెట్టుకుని బండి మీద తీసుకెళ్లి తీసుకురావడమైనా వాళ్లు చేయొచ్చు.

ఆశ కార్యకర్తలు, ఏఎన్ఎంలు మనలాంటి ఆడవాళ్లే. పది రిజిస్టర్లు, ఇరవై పనుల మధ్య వాళ్లకు తీరిక లేదని నాకు తెలుసు. ప్రభుత్వం వాళ్లను ఎన్ని ఇంజెక్షన్లు వేశారని అడుగుతుంది. దాంతోపాటు రెండో డోసుకు ఎంతమంది తిరిగొచ్చారని కూడా అడగాలి. ఆ ఒక్క లెక్క అడగడం మొదలుపెడితే ఆ పది నిమిషాల మాటకు వాళ్లకు టైం దొరుకుతుంది.